టికెట్టు చవక, గ్లాసు ప్రియం

మయామీ నుంచో గాల్వెస్టన్ నుంచో బయల్దేరే ఏడు రాత్రుల కరీబియన్ క్రూజ్ టికెట్టు ధరని, అదే ఊళ్లో ఓ మోస్తరు హోటల్ అద్దెతో పోల్చి చూసినవాళ్లకి అనుమానం రాక మానదు. గది, మూడు పూటలా భోజనం, రాత్రి ఆటపాటలు, తెల్లారేసరికి ఇంకో దేశం. ఇవన్నీ ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు? ఇందులో రహస్యమేమీ లేదు. జవాబుని కంపెనీలే ఏటా తమ వార్షిక నివేదికల్లో అచ్చేస్తున్నాయి. కార్నివాల్ కార్పొరేషన్‌కి 2023లో వచ్చిన మొత్తం ఆదాయం సుమారు 2,160 కోట్ల డాలర్లు. అందులో టికెట్ల మీద వచ్చింది 1,400 కోట్ల చిల్లర. మిగిలిన 750 కోట్లు 'ఓడ మీది ఆదాయం, ఇతరాలు' అనే పద్దు కింద జమైంది. రాయల్ కరీబియన్, నార్వేజియన్ లెక్కలు తీసినా ఆ పద్దు వాటా మూడో వంతుకి అటూఇటూగానే కనిపిస్తుంది. బార్లు, క్యాసినో, స్పా, వైఫై, ఒడ్డున తిప్పే టూర్లు, విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్లు అన్నీ అందులోవే. సగటున చూస్తే ప్రయాణికుడు టికెట్టుకి రెండు రూపాయలు కడితే, పైన ఇంకో రూపాయి ఇచ్చి దిగుతున్నాడన్నమాట. కొందరు ఏమీ ఇవ్వరు కాబట్టి, ఇచ్చేవాళ్లు అంతకన్నా ఎక్కువే ఇస్తున్నారు.

ఈ ఖర్చు గురించి సలహాలు చెప్పేవాళ్లు మామూలుగా నిగ్రహం గురించి చెబుతారు: చూసి తాగండి, అడిగినవన్నీ కొనకండి, పిల్లల్ని వీడియో గేముల గదికి దూరంగా ఉంచండి. మంచి మాటలే. కానీ ఓడ ఎక్కిన తర్వాత నిగ్రహానికి పట్టు దొరకని విధంగా ధరల పద్ధతిని అల్లారన్నది నా వాదన. కాబట్టి లెక్క ఒడ్డు మీద ఉండగానే తేలాలి. ఆ లెక్క నిజాయితీగా వేసుకుంటే, కంపెనీలు బుకింగు రోజు నుంచి ఓడ ఎక్కే రోజు దాకా వెంటపడి అమ్మే అపరిమిత డ్రింక్స్ ప్యాకేజీ చాలామందికి గిట్టుబాటు కాదని కూడా తేలుతుంది.

పద్ధతి ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెద్ద ఓడల మీద నోట్లు చెల్లవు. క్యాబిన్ తాళంగా పనిచేసే కార్డే పర్సు. రాయల్ కరీబియన్‌లో దాన్ని సీపాస్ అంటారు, కార్నివాల్‌లో సెయిల్ అండ్ సైన్ అంటారు. ప్రిన్సెస్ ఓడల్లో మెడలోనో మణికట్టుకో వేసుకునే రూపాయి బిళ్లంత మెడాలియన్ ఉంటుంది. బార్‌లో కాక్‌టెయిల్ తీసుకుంటే కార్డు తాకించి ఓ చీటీ ఇస్తారు. దాని మీద గ్లాసు ధర 14 డాలర్లు అని ఉంటే, కింద 18 శాతం గ్రాట్యుటీ 2.52, మొత్తం 16.52 అని ఉంటుంది. దాని కింద ఇంకో ఖాళీ గీత ఉంటుంది, 'అదనపు టిప్పు' రాసుకోడానికి. టిప్పు అప్పటికే పడిందని గమనించనివాళ్లు ఆ గీత మీద మరో రెండు డాలర్లు రాసి సంతకం చేస్తారు. చేతిలోంచి నోటు కదలదు, బ్యాంకు నుంచి మెసేజ్ రాదు, వారం తర్వాత అన్నీ కలిపి ఒకే అంకెగా కార్డు మీద పడతాయి.

ఇలా చెల్లింపు కంటికి ఆనకపోతే చెయ్యి ఎంత తేలికవుతుందో చూపిన ప్రయోగం ఒకటుంది. డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఎంఐటీ ఆచార్యులు ఎంబీఏ విద్యార్థుల చేత బాస్కెట్‌బాల్ టికెట్లకి వేలం పాడించి 2001లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి నగదు ఇవ్వాలన్నారు, సగం మందికి క్రెడిట్ కార్డు అన్నారు. కార్డు వాళ్లు పాడిన ధర నగదు వాళ్లు పాడినదానికి దాదాపు రెట్టింపు. బిజినెస్ స్కూల్లో చదువుతున్నవాళ్ల సంగతే అదైతే, ఈత కొలను పక్కన పడక కుర్చీలో వాలిన మనిషిని నిగ్రహించుకోమనడం ఎంత వరకు న్యాయం?

ఖర్చు చెయ్యి దాటిపోతుందేమోనన్న దిగులుకి మందుగానే డ్రింక్స్ ప్యాకేజీని చూపిస్తారు. రోజుకింత అని ముందే కట్టెయ్యండి, ఇక చీటీలు చూడక్కర్లేదు అంటారు. ధర ఓడని బట్టి, తేదీని బట్టి విమాన టికెట్టులా మారుతుంది. రాయల్ కరీబియన్‌లో రోజుకి 60 డాలర్ల చిల్లర నుంచి వంద దాటిన రోజులూ ఉన్నాయి. మధ్యస్తంగా 80 అనుకుందాం. దాని మీద 18 శాతం గ్రాట్యుటీ కలిపితే 94.40. పైన చూసిన కాక్‌టెయిల్ 16.52 కాబట్టి, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే రోజుకి దాదాపు ఆరు కాక్‌టెయిళ్లు తాగాలి. బీరు మాత్రమే తాగే మనిషైతే, ఒక్కోటి గ్రాట్యుటీతో పది డాలర్లనుకున్నా, తొమ్మిది దాటాలి. ఇది ఏదో ఒక రోజు ఊపులో తాగే లెక్క కాదు, వారమంతా ఏ రోజుకారోజు తాగాల్సిన సగటు. పైగా ప్యాకేజీని ప్రయాణంలో అన్ని రోజులకీ కలిపే కొనాలి. గాల్వెస్టన్ నుంచి వెళ్లే ఏడు రాత్రుల ఓడ కొజుమెల్, కోస్టా మాయా, రొవాటాన్ లాంటి మూడు రేవుల్లో ఆగుతుంది. రేవులో ఆగిన రోజు పొద్దున దిగినవాళ్లు సాయంత్రానికి గానీ ఎక్కరు. ఒడ్డున తాగినదానికి ఒడ్డునే డబ్బివ్వాలి. ఓడ మీద గడిపే నాలుగు రోజులూ ఆరేసి, రేవు రోజుల్లో రాత్రిపూట మూడేసి తాగే గట్టి మనిషిని తీసుకోండి. మొత్తం 33 గ్లాసులు, విడిగా కొంటే 545 డాలర్లు. ప్యాకేజీ 661. అంత తాగే మనిషికీ వంద డాలర్లకి పైగా నష్టమే. రోజుకి ఒక బీరు, రెండు కాక్‌టెయిళ్లతో సరిపెట్టుకునేవాళ్లకి విడిగా అయ్యేది 300 డాలర్ల చిల్లర. ప్యాకేజీ దానికి రెట్టింపు దాటుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ప్యాకేజీలో మద్యం ఒక్కటే ఉండదు; స్పెషల్ కాఫీలు, సీసా నీళ్లు, కూల్‌డ్రింకులు, తాజా పళ్లరసాలు కూడా ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, కలుపుకుందాం. రోజుకి రెండు లాటేలు తాగే అలవాటుంటే ఓ 13 డాలర్లు తగ్గించుకోవచ్చు. అప్పుడు గిట్టుబాటు ఐదు గ్లాసులకి దిగుతుంది. సీసా నీళ్లు కలుపుకోవడం మాత్రం మనల్ని మనం మోసగించుకోవడమే. ఓడ మీద కుళాయి నీళ్లు శుభ్రమైనవి, బఫేలో ఎన్ని గ్లాసులైనా ఉచితం. మామూలు కాఫీ, టీ, నిమ్మరసం, పొద్దుటి జ్యూసు కూడా టికెట్టులోనే వస్తాయి. లేని అవసరాన్ని ప్యాకేజీలో పెట్టి, దాని ధరని లాభంగా చూపించడం అమ్మేవాళ్ల పని. కొనేవాళ్లు ఆ లెక్కని ఒప్పుకోనక్కర్లేదు.

గిట్టుబాటు గీతని ఇంకాస్త పైకి జరిపే నిబంధన మరొకటుంది. ఒక క్యాబిన్‌లో ఒక్కరు మద్యం ప్యాకేజీ కొంటే, అదే క్యాబిన్‌లోని మద్యం వయసు వచ్చిన పెద్దలందరూ కొనాలని కార్నివాల్, రాయల్ కరీబియన్ రెండూ అంటాయి. ఇద్దరు ఒక ప్యాకేజీని పంచుకుంటారేమోనన్న భయంతో పెట్టిన షరతు. అర్థం చేసుకోదగ్గదే, కానీ భర్త తాగి భార్య తాగని జంటకి ఇది పిడుగుపాటు. ఇద్దరికీ కలిపి రోజుకి 188.80 డాలర్లు, ఆ భారమంతా ఒక్కడే మొయ్యాలంటే పదకొండు కాక్‌టెయిళ్లు దాటాలి. కార్నివాల్ ప్యాకేజీలో 24 గంటల్లో 15 మద్యం గ్లాసుల పరిమితి ఉంది కాబట్టి, 'అపరిమితం' హద్దుకి అతను దాదాపు చేరుకుంటాడు. డల్లాస్, హ్యూస్టన్‌లలోని తెలుగు కుటుంబాలు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కడం ఇప్పుడు మామూలైపోయింది. వాళ్లు తెలుసుకోవాల్సింది ఈ నిబంధనే. నలుగురూ ఒకే గదిలో సర్దుకుంటే మిగులుతుందనుకున్న డబ్బు, కొడుకు కొన్న ప్యాకేజీ వల్ల చుక్క ముట్టని తల్లిదండ్రుల పేరున తిరిగి పోతుంది. ఆరోగ్య కారణాలకో, మద్యం మానుకున్నవాళ్లకో సడలింపు ఉంటుందేమో ఫోన్ చేసి అడగొచ్చు. అడగందే మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి. నష్టమైనా ఫర్వాలేదు, మనశ్శాంతి కొనుక్కుంటున్నాం, సెలవుల్లో గ్లాసుగ్లాసుకీ లెక్క చూసుకునే ప్రాణం మాకు లేదు అంటారు. దీన్ని కొట్టిపారెయ్యలేం. ఆంజా లాంబ్రెక్ట్, బెర్న్డ్ స్కీరా 2006లో ఇంటర్నెట్ ప్లాన్ల మీద చేసిన అధ్యయనంలో, ఎక్కువ కడుతున్నా మూకుమ్మడి ధరే కోరుకునేవాళ్ల మనసుని విశ్లేషించారు. వాళ్లు గుర్తించిన కారణాల్లో ఒకటి, మీటరు తిరుగుతూ ఉంటే ప్రయాణం చేదవడం. నిజమే. కానీ ఇంకో కారణం కూడా వాళ్లే చెప్పారు: మనం ఎంత వాడతామో మనమే ఎక్కువ అంచనా వేసుకుంటాం. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్‌రికే మాల్మెండియర్ అదే ఏడాది అమెరికా జిమ్ముల లెక్కలు తీశారు. నెలకి 70 డాలర్లకి పైగా కట్టినవాళ్లు సగటున నెలకి నాలుగుసార్ల కన్నా కాస్త ఎక్కువగా మాత్రమే వెళ్లారు. ఒక్కో రాకకి 17 డాలర్లు పడింది. పదిసార్ల పాసు కొనుక్కుని ఉంటే పది డాలర్లతో పోయేది. ఓడ ఎక్కబోయే మనిషి ఊహలో ప్రతి మధ్యాహ్నం మోహీతోలు, ప్రతి సాయంత్రం వైన్లే కనిపిస్తాయి. తలనొప్పి, ఎండదెబ్బ, ఓడ ఊగి కడుపులో తిప్పిన రాత్రి ఆ ఊహలోకి రావు.

జిమ్ముకి, బార్‌కి ఒక తేడా ఉంది, అది ఇంకా ప్రమాదకరం. జిమ్ముకి వెళ్లకపోతే డబ్బు పోతుంది, అంతే. ఇక్కడ డబ్బు రాబట్టుకోవాలన్న పట్టుదల తాగిస్తుంది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన ప్రయోగంలో, నాటకాల సీజన్ టికెట్టుకి పూర్తి ధర కట్టినవాళ్లు, రాయితీ దొరికినవాళ్ల కన్నా సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలు చూశారు. కట్టేసిన డబ్బు మనిషిని వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. నాటకాలైతే నెట్టినా మేలే. వారానికి 14 యూనిట్లు మించొద్దన్నది బ్రిటన్ వైద్యాధికారుల సలహా. 45 మిల్లీలీటర్ల గట్టి మద్యం ఉన్న ఒక కాక్‌టెయిల్ సుమారు 1.8 యూనిట్లు. రోజుకి ఆరు చొప్పున గిట్టుబాటు చేసుకున్నవాడు వారంలో 75 యూనిట్లు దాటతాడు, ఆ హద్దుకి ఐదు రెట్ల పైన. ఎంత తక్కువైనా మద్యం క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించాక ఆ హద్దు కూడా ఉదారంగానే కనిపిస్తోంది. మనశ్శాంతి పేరుతో కొన్నది మర్నాటి పొద్దుటిని మింగేస్తుంటే, ఆ శాంతి ఎవరిదో ఆలోచించాలి.

మనశ్శాంతిని ఇంతకన్నా చవకగా కొనే దారి ఉంది కూడా. ఎంత తాగుతామన్నది వదిలేసి, ఎంత ఖర్చు పెడతామన్నది ముందే కట్టుకోవడం. కంపెనీల గిఫ్ట్ కార్డులు కొని ఓడ ఖాతాలో జమ వేసుకోవచ్చు. బుకింగుతో ఏజెంట్లు ఇచ్చే ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఉంటే అదీ దానికే కలుపుకోవచ్చు. వర్జిన్ వాయేజెస్ అపరిమిత ప్యాకేజీ జోలికి పోకుండా, ముందుగా డబ్బు వేసుకుని తాగినంతే తగ్గించుకునే బార్ ట్యాబ్ పద్ధతి పెట్టింది. ప్రయాణికుడికి ఇదే సరైన నమూనా. దానికి తోడు ఓడ ఎక్కే రోజు పెద్దలొక్కొక్కరూ ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసా తెచ్చుకోవడానికి కార్నివాల్, రాయల్ కరీబియన్ ఒప్పుకుంటాయి. డైనింగ్ హాల్లో తెరిస్తే కార్కేజ్, అంటే సీసా తెరిచే రుసుము, అడగొచ్చు. రేవులో కొన్న డ్యూటీ ఫ్రీ సీసాల్ని మాత్రం చివరిదాకా వాళ్ల దగ్గరే అట్టేపెడతారు. మౌత్‌వాష్ సీసాల్లో వోడ్కా నింపి తెచ్చే తెలివితేటలు స్కానింగ్ సిబ్బందికి మనకన్నా బాగా తెలుసు.

'ఉచితం' అన్నచోట కూడా చీటీ చదవాలి. నార్వేజియన్ ఏళ్ల తరబడి టికెట్టుతో పాటు డ్రింక్స్ ప్యాకేజీ ఉచితమని ప్రచారం చేసింది. ప్యాకేజీ ఉచితమే, దాని మీది 20 శాతం గ్రాట్యుటీ మాత్రం ఉచితం కాదు. ఆ 20 శాతాన్ని వంద డాలర్లు దాటిన అసలు ధర మీదే లెక్కకట్టేవారు. మనిషికి రోజుకి ఇరవై డాలర్ల పైన, జంటకి వారానికి దాదాపు 300. రోజూ రెండు మూడు గ్లాసులు తాగే జంటకి ఇది మంచి బేరమే, ఒప్పుకోవాలి. తాగనివాళ్లు ఆ ఆఫర్ వద్దని ధర తగ్గుతుందేమో అడిగి తీరాలి. అన్నీ కలిపిన టికెట్టు ఇంకో దారి. బ్రిటన్ మరెల్లా, జర్మనీ మైన్ షిఫ్ ఓడల్లో మద్యం ధరలోనే ఉంటుంది. వైకింగ్ సముద్ర ఓడల్లో భోజనంతో వైన్, బీరు ఇస్తారు. రీజెంట్, సిల్వర్‌సీ స్థాయిలో దాదాపు ఏదీ విడిగా అడగరు. ఇక్కడ మోసం లేదు, చీటీల చికాకూ లేదు. అయితే తాగే పక్క గదివాడి ఖర్చులో కొంత తాగనివాళ్ల టికెట్టులోకి వచ్చి చేరుతుంది.

ఇది గుర్తిస్తే క్రూజ్ కంపెనీల తరఫున చెప్పే వాదన కూడా సరిగ్గా అర్థమవుతుంది. ఓడ మీది ఆదాయం లేకపోతే టికెట్టు ధర పెరిగేది, ఇప్పుడు వెళ్లగలుగుతున్న మధ్యతరగతి అసలు ఎక్కగలిగేదే కాదు అంటారు. ఇది నిజం. దీనితో నాకు పేచీ లేదు. బార్‌లో, క్యాసినోలో ఖర్చు పెట్టేవాళ్లే మిగతావాళ్ల టికెట్టుని చవక చేస్తున్నారు. అలాంటప్పుడు ఈ ఏర్పాటులో అందరికన్నా లాభపడేది మద్యం ముట్టని, జూదమాడని కుటుంబం. మన ఇళ్లలో చాలా వరకు అవే కాబట్టి, ప్యాకేజీ కొనకపోతే ఏదో పోగొట్టుకున్నామన్న బెంగ అక్కర్లేదు. కూల్‌డ్రింకులు బాగా తాగే పిల్లలుంటే సోడా ప్యాకేజీ లెక్క విడిగా చూసుకోండి. రోజుకి నాలుగైదు గ్లాసులు తాగని పిల్లాడికి అదీ దండగే. కార్నివాల్‌లో అయితే మొదటి రోజు ఒక్కొక్కరూ 12 క్యాన్ల దాకా వెంట తెచ్చుకోవచ్చు.

ప్యాకేజీ తప్పక కావాలనుకునేవాళ్లూ ఉంటారు. రోజుకి ఆరేడు తాగే అలవాటు ఇంటి దగ్గరా ఉన్నవాళ్లు, రేవులో దిగకుండా ఓడ మీదే గడిపేవాళ్లు, సొంత దీవిలో ఆగే చిన్న ప్రయాణాలు ఎంచుకున్నవాళ్లు. రాయల్ కరీబియన్ వాళ్ల కోకోకేలో ఓడ ప్యాకేజీయే దీవి మీదా చెల్లుతుంది. వీళ్లు ఓడ ఎక్కాక కొనకూడదు. బయల్దేరకముందు వెబ్‌సైట్లో ధర పడుతూ లేస్తూ ఉంటుంది. రాయల్ కరీబియన్‌లో ముందు కొన్నదాన్ని రద్దు చేసి, తగ్గినప్పుడు మళ్లీ కొనుక్కోవచ్చు.

మిగతా ఖర్చుల మీద పెద్దగా వాదించేదేమీ లేదు. ఒడ్డున టూర్లు రేవులోనే స్థానికుల దగ్గర తక్కువకి దొరుకుతాయి, ఓడ వెళ్లిపోయే సమయం గుర్తుంటే చాలు. ఫోటోలు, స్పా మానేస్తే లోటు లేదు. వైఫై కుటుంబానికి ఒక పరికరం మీద తీసుకుని వంతులవారీగా వాడుకోవచ్చు. రోజువారీ గ్రాట్యుటీ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. అమెరికా ఓడల్లో అది మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్లు ఉంటుంది, గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లి తీయించుకోవచ్చని కూడా కొందరు సలహా ఇస్తారు. గదులు ఊడ్చే, పళ్లేలు మోసే ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, ఇండియా మనుషుల జీతం చాలా వరకు అందులోంచే వస్తుంది. ఆ భారం ప్రయాణికుల మీద వెయ్యడం కంపెనీల తప్పే. బ్రిటన్ పీ అండ్ ఓ 2019లో ఆ వసూలు ఎత్తేసి టికెట్టులో కలిపింది కూడా. మిగతావాళ్లు అలా చేసేదాకా దాన్ని టికెట్టులో భాగమనే రాసుకోవాలి.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి ఇంకొన్ని పద్దులున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ విశాఖపట్నం వచ్చింది, 2023 సెప్టెంబరులో అక్కడ అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ తెరిచారు. ఆ ఓడ ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే, వ్యాపార సూత్రమూ అదే: భోజనం టికెట్టులో, మద్యం విడిగా. రూపాయల్లో కాబట్టి లెక్క తేలిక. సింగపూర్ నుంచి ఎక్కేవాళ్లకి డాలర్ల బిల్లు మీద బ్యాంకు మార్కప్ పడుతుంది. కార్డు 3.5 శాతం వేస్తే, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిసి 4.13 అవుతుంది. మార్కప్ లేని కార్డులున్నాయి, ఒకటి తీసుకోండి. బిల్లుని రూపాయల్లోకి మార్చమంటారా అని అడిగితే వద్దనండి. డెబిట్ కార్డు ఇస్తే ఖర్చు పడకముందే కొంత సొమ్ము బ్లాక్ అవుతుంది, దిగాక కూడా కొన్నాళ్లు అలాగే ఉండొచ్చు. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు వసూలు చేసే టీసీఎస్ రేటు తరచూ మారుతోంది. అది ఖర్చు కింద రాయక్కర్లేదు, ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. అప్పటిదాకా చేతిలో డబ్బు ఉండాలంతే.

కాబట్టి బుక్ చేసిన రోజే కాగితం మీద టికెట్టు, గ్రాట్యుటీ, విమానం, బీమా రాసి, దాని కింద 'ఓడ మీద' అని ఒకే అంకె వేసుకోండి. గ్లాసుల లెక్కని, సెలవుల్లో తాగాలనుకున్నది కాకుండా పోయిన నెలలో ఇంట్లో నిజంగా తాగినదాన్ని బట్టి వెయ్యండి. ఓడ మీద యాప్‌లోనో గదిలో టీవీలోనో ఖాతా రోజూ కనిపిస్తుంది. తాగని గ్లాసు, రెండుసార్లు పడిన టిప్పు కనిపిస్తే ఆ రాత్రే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లండి. చివరి రోజు పొద్దున అక్కడ వరుస మెట్ల దాకా ఉంటుంది, దిగమని మైకులో పిలుస్తూనే ఉంటారు.